తలకు పెట్టె తగిలించుకుని రోడ్డు దాటిన వైనం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజున ఈ వేదిక ఎక్కినవారు 1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పు గురించి మాట్లాడటం ఆనవాయితీ. కరువు భృతి బకాయిల గురించి మాట్లాడటం అంతకంటే గట్టి ఆనవాయితీ. నాకు ముందు మాట్లాడిన మిత్రులు ఆ రెండింటికీ పూర్తి న్యాయం చేశారు. కార్యదర్శి గారు నాతో, "మీరు వారానికి రెండు రోజులు ఆ కళ్ళద్దాల ల్యాబుకు వెళుతున్నారట కదా, ఆ సంగతి చెప్పండి, పదిహేను నిమిషాలు చాలు" అన్నారు. భోజనాల వేళ దగ్గర పడుతోంది కనుక ఆ పదిహేను నిమిషాలు దాటకుండా చెప్పే ప్రయత్నం చేస్తాను.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. రోడ్లు భవనాల శాఖలో 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో యాభై ఎనిమిదేళ్ళు నిండి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయాను. ముప్పై ఆరేళ్ళు ఎస్టిమేట్లు టైపు చేయడం, ఎం-బుక్కులు సరిచూడటం, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు రాయడం. సైన్సు చదువుకోలేదు. కంప్యూటరు మా సెక్షనుకు వచ్చేనాటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది శాస్త్రవేత్త మాట కాదు, గుమాస్తా మాటగానే వినండి.

మేం ఉదయం నడిచే పార్కులో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. నగరం శివారులోని ఒక ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పరిశోధన కోసం అరవై ఏళ్ళు దాటి, ఎవరి సాయమూ లేకుండా నడవగలిగినవారు కావలెను అని. పార్కులో అందరం నవ్వుకున్నాం. అరవై దాటాక మనల్ని "కావలెను" అనేవాళ్ళు ఎవరున్నారండీ? ఆ ఒక్క మాట కోసమే ముందు ముగ్గురం వెళ్ళాం. ఆ తరువాత పదిమందిమి అయ్యాం.

ఆ ల్యాబులో రెండు రకాల పనులు జరుగుతాయి. ఒకటి వర్చువల్ రియాలిటీ, రెండోది ఆగ్మెంటెడ్ రియాలిటీ. తేడా ఏమిటని మీరు అడుగుతారు, నేనూ అడిగాను. మన పెళ్ళిళ్ళ కాలంలో ఫోటో స్టూడియోలో గోడకు ఒక తెర ఉండేది, గుర్తుందా? దాని మీద తాజ్‌మహలో, పూలతోటో, మేడమెట్లో వేసి ఉండేవి. ఆ తెర మీ చుట్టూ నాలుగు వైపులా, పైనా కిందా పరుచుకుని, మీరు తల ఎటు తిప్పితే అటు తాజ్‌మహల్ మిగతా భాగం కనిపించిందనుకోండి, అది వర్చువల్ రియాలిటీ. అలా కాక, మీ వసారా మీ వసారాగానే ఉండి, మీ పడక కుర్చీ చేతి మీద అక్కడ లేని చిలక ఒకటి వాలినట్టు కనిపిస్తే అది ఆగ్మెంటెడ్ రియాలిటీ. మయసభ అంటే సరిపోతుందని మా మిత్రుడొకాయన అన్నారు. అక్కడ దుర్యోధనుడికి జరిగింది తలుచుకుని మేమెవరం ఆ పోలికను పొడిగించలేదు.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదట. రెండు కళ్ళకు కొద్దిగా తేడా ఉన్న రెండు బొమ్మలు విడివిడిగా చూపిస్తే మెదడు వాటిని కలిపి లోతు కల్పించుకుంటుందని వీట్‌స్టన్ అనే ఇంగ్లీషాయన 1838లోనే ఒక పరికరంతో చూపించాడు. మన పిల్లలు ఆడుకున్న వ్యూ మాస్టర్‌లో ఉన్నది ఆ కిటుకే. తల తిప్పితే బొమ్మ కూడా తిరిగేలా కంప్యూటరుతో కలిపినవాడు అమెరికాలో ఐవన్ సదర్లాండ్, 1968లో. ఆ యంత్రం ఎంత బరువంటే దాన్ని ఇంటి కప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. ఇప్పటివి అరకిలో అటూ ఇటూగా ఉంటాయి. మన మెడకు అరకిలో కూడా తక్కువేమీ కాదు, అది వేరే సంగతి.

పెట్టెలోని తెర కంటికి రెండంగుళాల దూరంలో ఉంటుంది కనుక మేమంతా పేపరు చదివే కళ్ళద్దాలు తీసుకుని వెళ్ళాం. అక్కడి పరిశోధక విద్యార్థిని నవ్వి, "అవి కాదు అంకుల్, దూరం చూసే అద్దాలు కావాలి" అంది. మధ్యలో ఉన్న కటకాల వల్ల, బొమ్మ ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టే కన్ను పట్టుకోవాలట. వయసులో ఉన్నవాళ్ళకు ఇక్కడో తంటా ఉంది. బొమ్మలో వస్తువు ముక్కు దగ్గరకు వస్తే రెండు కళ్ళూ లోపలికి తిరుగుతాయి, కానీ కంటి కటకం మాత్రం రెండు మీటర్ల దగ్గరే ఆగాలి. ఆ పేచీ వల్ల వాళ్ళ కళ్ళు అలిసిపోతాయి. మన కటకాలు ఎలాగూ బిగుసుకుపోయాయి, నాలాంటి వాళ్ళకైతే శుక్లాలు తీసి కొత్తవి పెట్టారు, అవి అసలు కదలవు. అంటే ఆ ఒక్క పేచీ మనకు తక్కువ. ముసలితనంలో లాభం కనిపించిన చోటు అదొక్కటే కనుక ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.

ఇక తల తిరగడం. ఘాట్ రోడ్డు మీద బస్సులో కూర్చుని ముందు సీటు చూస్తూ ఉంటే కడుపులో ఎందుకు తిప్పుతుంది? చెవి లోపల ఉన్న తూకం యంత్రం "మలుపు తిరుగుతున్నాం" అంటుంది, కన్ను "సీటు కదలడం లేదే" అంటుంది. రెండు సెక్షన్ల నుంచి రెండు రకాల రిపోర్టులు వస్తే పై అధికారికి వచ్చే తలనొప్పి లాంటిదే ఇది. ఈ పెట్టెలో దీనికి తిరగబడి జరుగుతుంది. కన్ను కదిలామంటుంది, చెవి కూర్చునే ఉన్నామంటుంది. తల తిప్పిన తరువాత బొమ్మ తిరగడానికి సెకనులో యాభయ్యో వంతు కంటే ఎక్కువ ఆలస్యమైతే చాలామందికి ఇబ్బంది మొదలవుతుందట. మా ప్రయోగంలో నిజంగానే కాళ్ళతో నడవాలి కనుక మాకు కొంత నయం.

ఈ ఇబ్బందిని కొలవడానికి ఒక ఫారం ఉంది. ఫారం అనగానే నాకు ప్రాణం లేచివచ్చింది. 1993లో అమెరికాలో విమానం నడపడం నేర్పే సిమ్యులేటర్ల కోసం తయారు చేసినది. పదహారు లక్షణాలు, ఒక్కోదానికి లేదు, కొద్దిగా, మధ్యస్థంగా, తీవ్రంగా అని నాలుగు గడులు. దాన్ని ఎవరో తెలుగులోకి తెచ్చి మా చేతికిచ్చారు. అందులో పదిహేనో లక్షణం "ఉదర స్పృహ". మా పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఒకాయన, "నాకు ఉదర స్పృహ రోజూ పన్నెండున్నరకు వస్తుంది" అన్నారు. ఇంకో చోట "తల నిండుదనం" అని ఉంది. "కళ్ళు మూసుకున్నప్పుడు కళ్ళు తిరగడం" అని మరొకటి. మూసుకున్న కళ్ళు ఎలా తిరుగుతాయి, తిరిగినా మనకెలా తెలుస్తుంది?

అంగీకార పత్రం సంగతి ఇంకా ఘోరం. ప్రయోగంలో పాల్గొనే మనిషిని ఇంగ్లీషులో ఏమంటారో దాన్ని నిఘంటువులో చూసి "విషయం" అని వేశారు. "విషయం తన ఇష్టప్రకారం ఎప్పుడైనా వెనుకకు తీసుకొనబడవచ్చును" అని ఉంది. తలకు పెట్టుకునే పెట్టెను "తల ఎక్కించిన ప్రదర్శన" అన్నారు. నవ్వడానికి బాగానే ఉంది కానీ మిత్రులారా, అది సంతకం పెట్టే కాగితం. మన దేశంలో మనుషుల మీద చేసే వైద్య, ఆరోగ్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఎప్పుడు మానుకున్నా వారికి నష్టం ఉండకూడదు అని వాటిలో స్పష్టంగా ఉంది. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టించడం ఎలాంటిదో, ఆఫీసులో వేలిముద్రలు వేయించిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

నేను ఆ అమ్మాయితో, "అమ్మా, ఈ రెండు కాగితాలూ నాకు వదిలెయ్యి, వారం రోజుల గడువివ్వు" అన్నాను. నేను ల్యాబుకు చేసిన అసలు సేవ అదే అనుకుంటాను. పార్కులో బెంచీ మీద కూర్చుని, ఒక్కో లక్షణాన్నీ నలుగురిని అడిగి రాశాం. ఉదర స్పృహ "కడుపులో ఏదో తేడాగా ఉండటం" అయింది. తల నిండుదనం "తల దిమ్ముగా ఉండటం" అయింది. కళ్ళు మూసుకున్నప్పుడు కలిగే దానికి "తూలిపోతున్నట్టు అనిపించడం" అని రాశాం. దీని మీద ఒక రిటైర్డు తెలుగు పండితుల వారికీ నాకూ రెండు రోజులు వాదన జరిగింది. వికారానికీ కడుపులో తిప్పడానికీ తేడా ఏమిటనేది ఇప్పటికీ తేలలేదు. ఆ తరువాత విద్యార్థులు మా తెలుగును ఆ ఇంగ్లీషు ఫారం చూడని ఇద్దరి చేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి, అసలుతో పోల్చి చూశారు. అది వాళ్ళ పద్ధతి, మంచి పద్ధతి. జి.ఓ.లకు కూడా ఎవరైనా అలా చేసి ఉంటే మన సర్వీసులో సగం కోర్టు కేసులు తప్పేవి.

ఫారం ముందొకసారి, తరువాత ఒకసారి నింపించండి అని కూడా నేను పట్టుబట్టాను. ఆ ఫారం తయారైంది ఆరోగ్యంగా ఉన్న పైలట్ల కోసం. మాకు పెట్టె పెట్టుకోకముందే తేన్పులు, చెమటలు, చూపు మసకలు ఉంటాయి. అవన్నీ పెట్టె ఖాతాలో రాస్తే ఎలా? ప్రారంభ నిల్వ చూపకుండా క్యాష్ బుక్కు రాసినట్టుంటుంది. వాళ్ళు కూడా అదే ఆలోచనలో ఉన్నారట, వెంటనే ఒప్పుకున్నారు. ఇంకొకటి, తల తిరిగి మధ్యలో మానేసిన ఇద్దరి లెక్క సరాసరిలో కలవదన్నారు. కలవకపోతే పోనీ, ఎంతమంది మానేశారో, ఎన్నో నిమిషంలో మానేశారో రిజిస్టరులో ఉండాలి గదా అన్నాను. లేకపోతే తట్టుకున్నవాళ్ళనే లెక్కపెట్టి "వృద్ధులకు ఏ ఇబ్బందీ లేదు" అని రాసే ప్రమాదం ఉంది. ఇప్పుడు వాళ్ళ నివేదికల్లో దానికి ఒక కాలమ్ ఉంది.

ఇక అసలు ప్రయోగానికి వస్తాను. అది రోడ్డు దాటడం గురించి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది పాదచారులు. నిజం రోడ్డు మీద ముసలివాళ్ళను నడిపించి ప్రయోగాలు చేయలేరు కనుక పెట్టెలో రోడ్డు వేశారు. ముప్పై అడుగుల పైబడిన ఖాళీ హాలు, అందులో ఏడు మీటర్ల రెండు వరసల రోడ్డు. ఏడు మీటర్లు అనగానే నాకు మా శాఖ గుర్తుకొచ్చి ఆనందమైంది.

కానీ మొదటిసారి పెట్టె పెట్టుకుని చూస్తే అది మన రోడ్డు కాదు. బయటి దేశం నుంచి తెచ్చిన బొమ్మల రోడ్డుకు ఎడమ కుడి మార్చారంతే. బండ్లు గీత మధ్యలో వస్తున్నాయి, హారను లేదు, ఎదురు దిశలో వచ్చే మోటారు సైకిలు ఒక్కటీ లేదు. "బాబూ, ఈ రోడ్డు దాటడానికి మా తర్ఫీదు ఎందుకు, మా మనవడైనా దాటుతాడు" అన్నాను. మరుసటి వారం ఇద్దరు విద్యార్థులను తీసుకుని కూడలిలో టీ కొట్టు దగ్గర కూర్చుని ట్రాఫిక్ సెన్సస్ చేయించాను. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. మా శాఖలో కట్టలు కట్టలు చూసిన లెక్క అది. ఆటోలు, బస్సులు, ద్విచక్ర వాహనాలు, రాంగ్ రూట్‌లో వచ్చేవి విడిగా. ఆ కాగితాలు చూసి రోడ్డు మళ్ళీ తయారు చేశారు. హారన్లు కూడా పెట్టారు. రెండోసారి పెట్టె పెట్టుకున్నప్పుడు మా వాళ్ళలో ఒకావిడ, "అమ్మయ్య, ఇది మన ఊరే" అన్నారు.

నడిపించి కొలిచారు. ఏడు మీటర్లంటే ఇరవై మూడు అడుగులు. నా నడక సెకనుకు రెండున్నర అడుగుల పైచిలుకు. అంటే దాటడానికి నాకు తొమ్మిది సెకన్లు. అమెరికాలో రోడ్డు దాటే సిగ్నళ్ళకు మనిషి సెకనుకు నాలుగు అడుగులు నడుస్తాడని లెక్క వేసేవారు. ముసలివాళ్ళకు చాలడం లేదని 2009లో దాన్ని మూడున్నర చేశారు. ఆ మూడున్నర కూడా నా వల్ల కాదు, ఈ సభలో చాలామంది వల్ల కాదు. తొమ్మిది సెకన్లలో, గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు వంద మీటర్లు వస్తుంది. అరవైతో వస్తే నూట యాభై మీటర్లు. మేం పదిమందిమీ ఎప్పుడు అడుగు వేస్తున్నామో చూస్తే, ఎక్కువమందిమి బండి ఎంత దూరంలో ఉందో చూసి వేస్తున్నాం గాని, ఎంత వేగంతో వస్తుందో చూసి కాదు. నలభైతో వచ్చేదానికీ అరవైతో వచ్చేదానికీ ఒకే దూరం వదులుతున్నాం. ఇది మా ఒక్కరి సంగతి కాదు, వేరే దేశాల్లో చేసిన ప్రయోగాల్లోనూ వయసు మళ్ళినవారిలో ఇలాగే కనిపించిందట.

ఆ గ్రాఫు కాగితం చూసినప్పుడు మా పార్కు మిత్రుడు ఒకాయన గుర్తుకు వచ్చారు. రెండేళ్ళ క్రితం పాల ప్యాకెట్లు తేవడానికి వెళ్ళి రోడ్డు దాటుతుంటే మోటారు సైకిలు గుద్దింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళినవాళ్ళందరితో ఆయన ఒకటే మాట చెప్పారు, "బండి చాలా దూరంలో ఉందండీ" అని. ఇంట్లోవాళ్ళు చూపు తగ్గిందనుకుని కంటి పరీక్ష చేయించారు. చూపు బాగానే ఉంది. బండి కూడా దూరంగానే ఉండి ఉంటుంది. నేను ఆ గ్రాఫు నకలు తీసుకుని వెళ్ళి ఆయనకు చూపించాను. చాలాసేపు చూసి, "మా అబ్బాయిని పిలుస్తాను, వాడికి చెప్పండి" అన్నారు. చెప్పాను. ఆయన ఇప్పటికీ వాకరుతోనే నడుస్తున్నారు.

మా తల ఎటు తిరిగిందో కూడా ఆ పెట్టె రాసి పెడుతుంది. దాటుతున్నంతసేపూ మా చూపు ఎక్కువగా నేల మీదే ఉంది. విద్యార్థులకు అది వింతగా తోచింది. నాకు తోచలేదు. మన రోడ్ల మీద కింద చూడకపోతే ఏమవుతుందో ముప్పై ఆరేళ్ళు గుంతల ఎస్టిమేట్లు టైపు చేసిన వాడికి తెలియదా? కాకపోతే కిందికి చూస్తే బండి కనపడదు, బండిని చూస్తే గుంత కనపడదు. ఆ చిక్కు విప్పడం పెట్టె వల్ల కాదు, శాఖ వల్ల కావాలి.

పెట్టెకు ఉన్న లోపాలు కూడా చెప్పకపోతే ఏకపక్షమవుతుంది. అందులో దూరాలు ఉన్నవాటికంటే తక్కువగా కనిపిస్తాయని చాలా ప్రయోగాల్లో తేలిందట. పక్కచూపు సగానికి సగం తగ్గుతుంది. అన్నిటికంటే పెద్దది, బస్సు గుద్దినా ఏమీ కాదు. తెర తెల్లబడి గంట మోగుతుంది. నాలుగోసారికి మా వాళ్ళలో ఒకరిద్దరు బస్సుకు ఎదురెళ్ళి చూశారు! అందుకే ఇందులో వచ్చిన అంకెలను నేరుగా రోడ్డు మీదకు తీసుకెళ్ళకూడదని ఆ అమ్మాయే మాకు పదే పదే చెప్పింది. అలా చెప్పినందుకే నాకు ఆ ల్యాబు మీద గౌరవం పెరిగింది. ఈ విద్య వల్ల మనకు మేలు లేదా అంటే ఉంది. లాన్సెట్ పత్రికలో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఐదు దేశాల్లో అరవై నుంచి తొంభై ఏళ్ళ వయసున్న, తరచూ పడిపోయే 302 మందిని తీసుకున్నారు. సగం మంది ట్రెడ్‌మిల్లు మీద నడిచారు, మిగతావారు దానితోపాటు ఎదురుగా తెర మీద అడ్డంకులు దాటుతూ నడిచారు. వారానికి మూడు రోజులు, ఆరు వారాలు. తరువాతి ఆరు నెలల్లో రెండో జట్టువారు తక్కువసార్లు పడ్డారు. అది తలకు పెట్టుకునే పెట్టె కాదు, ఎదురుగా తెర. మాటలో ఆ తేడా ఉండాలి.

ఆగ్మెంటెడ్ కళ్ళద్దాలతో ఇంకో ప్రయోగం చేశారు. మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టు అంచునా పసుపు గీత కనిపిస్తుంది. బాగుంది. కానీ అర లీటరు పసుపు పెయింటుతో అయ్యే పని అది. నా భార్య విని, "గడపకు పసుపు రాసేది మరెందుకు?" అంది. ఆ మాట ల్యాబులో చెబితే గోడ మీద రాసుకున్నారు.

చివరగా ఒక ముఖ్య విషయం. అంగీకార పత్రంలో "మీ పేరు ఎక్కడా నమోదు కాదు" అని ఉంది. సంతోషం అన్నాను. అప్పుడు ఆ అమ్మాయే నిజాయితీగా ఒక సంగతి చెప్పింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 511 మందికి ఇలాంటి పెట్టె పెట్టి వీడియోలు చూపించారు. ఒక్కొక్కరి తల, చేతుల కదలికలు ఐదు నిమిషాల లోపువి తీసుకుంటే చాలు, పేరు లేకుండానే వంద మందిలో తొంభై అయిదు మందిని కంప్యూటరు గుర్తుపట్టింది. ఇది 2020లో ప్రచురించారు. అంటే మన తల ఊపే తీరే మన సంతకం. పేరు కొట్టేస్తే సంతకం పోతుందా? ఆ వాక్యం తీసేసి, "మీ కదలికల రికార్డు ఉంచుతాము, పేరు లేకపోయినా దాన్ని బట్టి మిమ్మల్ని గుర్తుపట్టే అవకాశం ఉంది, ఇన్నేళ్ళ తరువాత తుడిచేస్తాము" అని రాయమన్నాను. ఏళ్ళ సంఖ్య కూడా వేయించాను. కొత్త కాగితం చదివి ఇద్దరు మానుకున్నారు. ప్రొఫెసరు గారికి ఇబ్బంది కలిగిందేమో అనుకున్నాం. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "చదివి మానుకున్నారంటే కాగితం పనిచేసినట్టే" అన్నారు.

రావాలనుకునే వారికి నాలుగు మాటలు. దూరం చూసే కళ్ళద్దాలు తెచ్చుకోండి. టిఫిన్ తేలికగా తినండి, అసలు తినకుండా మాత్రం రావద్దు. మూర్ఛ, తరచూ తల తిరిగే జబ్బు ఉన్నవారు ముందు మీ డాక్టరును అడగండి. బస్సు ఛార్జీలు ఇస్తారు, దానికి వోచరు మీద సంతకం పెట్టాలి, వోచరు నమూనా నేనే రాశాను. రాలేనివారు ఇంటి దగ్గర ఒకటి చేయవచ్చు. అపార్టుమెంటు వరండాలో ఇరవై మూడు అడుగులు కొలిచి, మామూలు నడకతో ఎన్ని సెకన్లు పడుతుందో మనవడి చేత చూపించుకోండి. ఆ తరువాత మీ వీధి చివర ఒక కరెంటు స్తంభాన్ని గుర్తు పెట్టుకుని, బండ్లు ఆ స్తంభం దగ్గర నుంచి మీ దాకా రావడానికి ఎన్ని సెకన్లు తీసుకుంటున్నాయో లెక్కపెట్టండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని జేబులో పెట్టుకోండి. నా జేబులో ఉన్న కాగితం మీద మొదటిది తొమ్మిది, రెండోది ఆరు. అందుకే నేను మా వీధి చివర దాటడం మానేసి, సిగ్నలు దాకా నడుస్తున్నాను.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. సెలవు.